మాకు నల్ల పొట్టేలు కావాలి: పశుసంవర్ధక శాఖకు, గొర్రెల సమాఖ్యకు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర పశుసంవర్ధక శాఖ అధికారులకు, గొర్రెలు మేకల అభివృద్ధి సహకార సమాఖ్య పెద్దలకు, జనగామ జిల్లా నుంచి ఒక చిన్న గొర్రెల పెంపకందారు నమస్కరించి రాస్తున్న లేఖ.

అయ్యా,

నాకు మూడున్నర ఎకరాల చెలక, నలభై ఆరు గొర్రెలు ఉన్నాయి. అందులో కత్తెర వేయదగిన పెద్ద జీవాలు ముప్పై ఎనిమిది. పుట్టుకతో కురుమను, డిగ్రీ దాకా చదువుకున్నాను. హైదరాబాదులో కొన్నేళ్లు ఉద్యోగం చేసి, మా నాయన కాళ్లు ఆడక మందను అమ్మేస్తానన్న ఏడాది ఊరికి తిరిగి వచ్చాను. అప్పటి నుంచి గొర్రెలే నా బతుకు. మాంసం కోసం పిల్లల్ని అమ్ముతాను, ఎరువు కోసం పొలాల్లో మంద పెడతాను, ఉన్నితో గొంగళ్లు నేయిస్తాను. ఈ మూడింటిలో మూడోది మా కళ్ల ముందే పోతున్నది. అది పోవడానికి కారణం మీకు చెప్పాలని, దాన్ని నిలబెట్టడానికి మీ చేతిలో ఉన్న పని ఒకటి అడగాలని ఈ లేఖ రాస్తున్నాను.

మేము అడుగుతున్నది మేలైన దక్కనీ పొట్టేళ్లు. నల్లటి ఉన్ని ఉన్న, ఉన్ని తల్లిదండ్రులకే పుట్టిన, రోగం లేని పొట్టేళ్లను పెంచి, అడిగిన కాపరికి ఇచ్చే ఏర్పాటు మన ప్రాంతంలో ఒకటి ఉండాలి. ఉన్నికి ధర, ఉన్నిని కడిగి ఏకే (దూదిలా విప్పే) యంత్రం, గొంగడికి బజారు వంటి మిగిలిన కోరికలన్నీ దాని తర్వాతివి. పొట్టేలు లేకుండా అవన్నీ వచ్చినా మాకు చేసేదేమీ ఉండదు, ఎందుకంటే అప్పటికి కత్తిరించడానికి గొర్రె వీపు మీద ఉన్ని మిగలదు.

దక్కనీ గొర్రె గురించి మీకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్టు ఉంటుందని తెలుసు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో నమోదు చేసిన జాతుల్లో అది ఒకటి. తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లలోని మెట్ట నేలల్లో పెరిగిన జాతి. అయినా ఈ లేఖ చదివే వారిలో దాన్ని దగ్గరగా చూడనివారు ఉంటారు కనుక నాలుగు మాటలు రాస్తాను. వంపు తిరిగిన ముక్కు, వాలిన చెవులు, ఒంటి నిండా నల్లటి ముతక ఉన్ని దీని గుర్తులు. ఎండకు ఎండీ వానకు తడిసీ ఉన్ని కొసలు గోధుమరంగుకు తిరుగుతాయి. వేళ్లతో పాయ తీసి చూస్తే లోపల, చర్మం దగ్గర, బొగ్గులాంటి నలుపు కనబడుతుంది. వేళ్లకు కొంచెం జిడ్డు అంటుతుంది. ఆ జిడ్డు ఉన్నికొవ్వు. వాన నీరు చర్మం దాకా చేరకుండా కాపాడేది అదే. ఎదిగిన గొర్రె నుంచి ఒక కోతకు మాకు మూడు వందల గ్రాములు, అటూ ఇటుగా, వస్తుంది. ఏటా ఎండలు ముదరకముందు ఒకసారి, దసరా తర్వాత ఒకసారి కత్తెర వేస్తాము.

నెల్లూరు గొర్రె వేరే జాతి. దేశంలోని గొర్రె జాతుల్లో ఎత్తైనది, తూకం బాగా తూగుతుంది, పిల్ల తొందరగా ఎదుగుతుంది. దాని ఒంటి మీద ఉండేది ఉన్ని కాదు, పొట్టి వెంట్రుక. ఆ జాతి మీద నాకు కోపం లేదు. మాంసానికి అది మంచి జాతి. కానీ ఆ రెంటినీ కలిపినప్పుడు ఏమవుతుందో నేను నా మందలోనే, నా చేతులతోనే చూశాను.

2018లో సంత నుంచి ఒక ఎర్ర నెల్లూరు పొట్టేలును కొని తెచ్చాను. ఎవరూ బలవంతం చేయలేదు, ఆ నిర్ణయం నాదే. చుట్టుపక్కల అందరూ తెస్తున్నారు, పిల్ల నాలుగైదు కిలోలు ఎక్కువ తూగుతుందన్నారు, నిజంగానే తూగింది. ఆ మొదటి ఏడు పుట్టిన పిల్లల్లో కొన్ని నల్లగానే ఉన్నాయి, అందుకని నేను పెద్దగా పట్టించుకోలేదు. అవి ఎదిగి కోతకు వచ్చినప్పుడు మా చిన్నమ్మ ఇంటి అరుగు మీద ఉన్ని కుప్ప పోశాను. ఆమె అరవై ఏళ్లుగా రాట్నం తిప్పిన మనిషి. ఒక గుప్పెడు తీసి, రెండు చేతులా పాయలు విడదీసి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది. పాయలో మెత్తటి నల్లటి పోగుల మధ్య మెరిసే బిరుసు వెంట్రుకలు, సూదుల్లా, నిలబడి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా లాగి పక్కన పడేస్తూ కాసేపు కూర్చుంది. చివరికి, “బిడ్డా, ఇది ఎంట్రుక, ఉన్ని గాదు. రాట్నం మీద నిలువది, పోగు తెగుతది” అని కుప్పను నావైపే నెట్టింది. అయినా ఒక కదురు వడికి చూపించింది. మూర పొడవు రాకముందే పోగు విడిపోయింది. బిరుసు వెంట్రుకకు మెలిక పట్టదు, పక్క పోగును అది పట్టుకోదు. అలాంటి దారంతో పడుగు వేస్తే మగ్గం మీదే తెగుతుంది.

రెండో తరంలో ఆ పిల్లలకు పుట్టిన పిల్లల ఒంటి మీద ఉన్ని వీపున మాత్రమే, అరచేయంత మేర, మిగిలింది. పొట్ట కింద, కాళ్ల మీద, మెడ మీద వెంట్రుకే. మూడో తరం నేను రానివ్వలేదు.

ఈ మాట ఇంత వివరంగా రాయడానికి కారణం ఉన్నది. ఒక్క పొట్టేలు ఇరవై, ఇరవై అయిదు గొర్రెలను దాటుతుంది, అంటే వాటితో జతకడుతుంది. గొర్రె తన బతుకంతా కలిపి ఈనేది కొన్ని పిల్లల్నే, పొట్టేలు మాత్రం ఒక్క ఏడాదిలో మందలో పుట్టే పిల్లలన్నింటికీ సగం రక్తం ఇస్తుంది. ఉన్ని లేని పొట్టేలును మొదటి తరం మీద, దాని కూతుళ్ల మీద అదే రకం పొట్టేలును, వాటి కూతుళ్ల మీద మళ్లీ అదే రకాన్ని వదిలితే, మూడు తరాల్లో, అంటే ఆరేడేళ్లలో, మందలో ఎనిమిదింట ఏడు వంతులు నెల్లూరు రక్తమే అవుతుంది. మంద లెక్కలో తల ఒక్కటీ తగ్గదు, కాపరి చేతిలో జీవాల సంఖ్య పెరిగే ఉంటుంది, కాగితం మీద ఏ నష్టమూ కనిపించదు. ఒక జాతి మాత్రం పోయి ఉంటుంది. రోగం వచ్చి పోయిన మందకు ఎవరైనా లెక్క రాస్తారు, ఇలా పోయిన మందకు ఎవరూ రాయరు.

2017 జూన్‌లో సిద్దిపేట జిల్లా కొండపాకలో మొదలైన గొర్రెల పంపిణీ పథకం గురించి ఇక్కడ చెప్పక తప్పదు. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఒక యూనిట్. మొదటి విడతలో యూనిట్ ధర లక్షా పాతిక వేలు, అందులో 75 శాతం సబ్సిడీ, లబ్ధిదారు కట్టింది 31,250 రూపాయలు. గొల్ల కురుమలను పేరుపెట్టి పిలిచి, మీ వృత్తికి ఇది పెట్టుబడి అని అంత పెద్ద ఎత్తున ఇచ్చిన పథకం నా ఎరుకలో అంతకుముందు లేదు. ఆ గౌరవాన్ని నేను తక్కువ చేయను. జీవాలను పొరుగు రాష్ట్రాల నుంచి కొనాలని పెట్టిన నియమం వెనుక ఉద్దేశమూ అర్థమైంది: ఇక్కడి గొర్రెలనే ఒకరి దగ్గర కొని మరొకరికి ఇస్తే సంఖ్య పెరగదు. కానీ ఆ నియమం వల్ల ఏ జాతి వస్తుందన్నది సంతలో ఏది దొరికితే అది అన్నట్టుగా మారింది. మా ఊరికి వచ్చిన బండ్లలోంచి దిగిన జీవాల్లో నల్ల ఉన్ని గొర్రె ఒక్కటీ లేదు. ఎవరికైనా ఉన్ని జాతి కావాలా అని అడిగే గడి దరఖాస్తులోనే లేదు.

2012 పశుగణనలో మన రాష్ట్రంలో గొర్రెలు దాదాపు 1.28 కోట్లు ఉంటే, 2019లో జరిగిన 20వ పశుగణనలో అవి 1.91 కోట్లు అయ్యాయి. ఆ లెక్కలో దేశంలో మనమే మొదటి స్థానం. మరి 2022-23 కేంద్ర లెక్కల్లో ఉన్ని ఇచ్చే రాష్ట్రాలను చూడండి. దేశపు ఉన్నిలో దాదాపు సగం రాజస్థాన్‌ది, ఆ తర్వాత జమ్మూ కశ్మీర్, గుజరాత్, మహారాష్ట్ర, హిమాచల్ ప్రదేశ్ ఉన్నాయి. గొర్రెల్లో మొదటి స్థానంలో ఉన్న తెలంగాణ ఉన్నిలో మొదటి అయిదింటిలో లేదు. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూసే అధికారి ఒక్కరైనా ఉండాలని నా కోరిక.

ఉన్ని ఎవరికి కావాలి, దానితో ఏం వస్తుంది అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నా ఇంటి లెక్కే చెబుతాను. ముప్పై ఎనిమిది జీవాలకు రెండు కోతలకు కలిపి ఏడాదికి సుమారు ఇరవై మూడు కిలోల ఉన్ని వస్తుంది. కత్తెర వేసేవారికి తలకు పాతిక రూపాయల చొప్పున 1,900 రూపాయలు ఇస్తాను. ఆ ఉన్నిని ఊరి మీదికి వచ్చే బేరగానికి అమ్మితే కిలోకు పన్నెండు రూపాయలు, అంటే మొత్తానికి 276 రూపాయలు. కోయించడానికి పెట్టిన దానిలో ఆరో వంతు కూడా చేతికి రాదు. అందుకే చాలామంది కత్తిరించిన ఉన్నిని గట్టు మీద వదిలేసి వస్తున్నారు. వానకు నాని, తుమ్మచెట్ల కింద నల్లటి కుప్పలుగా కుళ్లుతున్న ఉన్నిని మా శివారులో ఎవరైనా వచ్చి చూడవచ్చు. ఆ మనిషి మరుసటి ఏడు ఉన్ని లేని పొట్టేలును తెచ్చుకుంటే నేను అతన్ని తప్పుపట్టలేను. కోత ఖర్చైనా తప్పుతుంది కదా.

అదే ఇరవై మూడు కిలోలను నేను బేరగానికి ఇవ్వకుండా గొంగళ్లు చేయిస్తే అయిదు వస్తాయి. ఒక్కొక్కటి నాలుగు వేలకు పోతుంది. నూలు వడికినవారికి, నేసినవారికి కూలి ఇచ్చాక కూడా, కోత ఖర్చు వెళ్లాక కూడా, చేతిలో డబ్బు మిగులుతుంది. ఆ కూలి కూడా ఊళ్లోనే ఉంటుంది, మా చిన్నమ్మ లాంటి నలుగురు ముసలివాళ్ల చేతుల్లో. ఇది పెద్ద సంపాదన కాదు. కానీ 276 రూపాయలకూ ఇరవై వేలకూ మధ్య ఉన్న తేడా అంతా మనుషుల చేతిపనిదే.

ఆ పని ఎట్లా జరుగుతుందో కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే పొట్టేలు గురించి నేను ఎందుకింత పట్టుబడుతున్నానో దాన్నిబట్టే తెలుస్తుంది. కోతకు ముందురోజు గొర్రెలను చెరువులో దింపి కడుగుతాము. ఒక్కొక్కదాన్ని మెడ పట్టుకుని నడుములోతు నీళ్లలో తిప్పి, వీపు మీద చేత్తో రుద్దితే మట్టి, పల్లేరుకాయలు, పెంటికలు విడుస్తాయి. మర్నాడు ఎండెక్కాక కాళ్లు కట్టి పడుకోబెట్టి కత్తెర వేస్తారు. చేయి తిరిగినవాడైతే ఉన్ని దుప్పటి విప్పినట్టు ఒక్క ముక్కగా వస్తుంది. తర్వాత రంగును బట్టి వేరు చేస్తాము: నల్లది, ఎర్రబారినది, తెల్లది. పిల్లల మొదటి కోత ఉన్నిని వేరే సంచిలో పెడతాము. అది అన్నింటికన్నా మెత్తన, అన్నింటికన్నా నలుపు. దాన్ని పెద్ద గొర్రెల ఉన్నితో కలిపితే గొంగడికి మెత్తదనం వస్తుంది.

విల్లు నారితో కొట్టి ఉన్నిని దూదిలా విప్పుతారు. ఆ మోగే చప్పుడు విని పెరిగినవాడిని నేను. విప్పిన ఉన్నిని ఆడవాళ్లు రాట్నం మీద వడుకుతారు. పడుగుకు గట్టి మెలిక, పేకకు వదులు మెలిక. ఇక పడుగును వీధిలో బారుగా సాగదీసి కట్టి, చింతగింజలను వేయించి, పొట్టు తీసి, విసిరి కాచిన గంజిని కుంచెతో పోగు పోగుకూ పట్టిస్తారు. ముతక ఉన్ని పోగులు బయటికి పొడుచుకు వచ్చి ఒకదానితో ఒకటి చిక్కుపడకుండా కాపాడేది ఆ గంజే. ఎండకు అది ఆరేలోగా నేతగాడు పడుగు పొడవునా నాలుగైదుసార్లు నడుస్తాడు. గుంట మగ్గంలోకి దిగి కూర్చున్నాక మాత్రం పని వేగంగా సాగుతుంది. రంగు అద్దడం అన్నదే ఉండదు. నలుపు గొర్రె ఇచ్చిన నలుపే, అంచు చార గొర్రె ఇచ్చిన తెలుపే. మా ఇంట్లో ముగ్గురం పూనుకుంటే ఒక గొంగడికి మూడు వారాలు పడుతుంది. ఈ మొత్తం పనిలో ఉన్ని పోగు పొడవు, మెలిక పట్టే గుణం, నలుపు, ఈ మూడూ పొట్టేలు నుంచి రావాలి. మిగిలినవి ఏవైనా మనం నేర్చుకోగలం, కొనుక్కోగలం, బాగుచేసుకోగలం.

దక్కనీ ఉన్ని ముతకది. మెత్తదనానికి పేరున్న మెరీనో గొర్రె ఉన్నితో దాన్ని పోల్చడం దానికే అన్యాయం. స్వెట్టర్లకు అది పనికిరాదు, ఒంటికి గుచ్చుతుంది. పానిపట్ నుంచి వచ్చే చవక దుప్పట్లతో పోటీపడమని దాన్ని పంపితే ఓడిపోయి వస్తుంది. హాస్టళ్లలో పిల్లలకు కప్పుకోవడానికి గొంగళ్లు కొనండి అని కొందరు మిత్రులు కోరుతుంటారు, నేను ఆ కోరిక కోరను. దాని పని వేరు. అది నేల మీద పరిచేది, వానలో నెత్తిన కొప్పెర వేసుకునేది, మంద దగ్గర రాత్రి కావలి పడుకునేవాడిని చలి నుంచి, తేమ నుంచి కాపాడేది. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకుని కూడా ఒంటికి చల్లగా తగలదు, నిప్పురవ్వ పడితే భగ్గున అంటుకోదు, ఆరిపోతుంది. ముతక ఉన్నికి ఇవి లోటు లేకుండా ఉన్నాయి. హైదరాబాదులో కొందరు యువకులు గొంగడి గుడ్డతో చెప్పులు, బూట్లు కుట్టి రైతులకు అమ్ముతున్నారు. బురదలో, ఎండలో రోజంతా నిలబడే పాదానికి అది నప్పుతుందని గుర్తించిన వారిని మెచ్చుకోవాలి. కొత్త పనులు కనిపెట్టేవారు ఉన్నారు. వారికి ఇవ్వడానికి ఉన్ని ఉండాలి.

ఉన్నికి కొత్త పని వెదకడం వరంగల్‌లో మరీ కష్టమైన మాట కాకూడదు. ఈ నగరపు తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శన దాకా వెళ్లాయి. కొత్తవాడ మగ్గాల మీద నేసే వరంగల్ డర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ డర్రీలు నూలువి, మా ఉన్ని అక్కడికి వెళ్లదు. కానీ నేలమీద పరిచే గుడ్డను నేయడంలో ఆరితేరిన చేతులు మాకు యాభై, అరవై కిలోమీటర్ల దూరంలో ఉండగా, నల్లటి ఉన్ని పేకగా వేసి నాలుగు డర్రీలు నేసి చూడండి అని వారినీ మమ్మల్నీ ఒక్కచోట కూర్చోబెట్టిన వారు ఇంతవరకూ లేరు. అలాగే గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగింది. పత్తి నుంచి బట్ట దాకా అక్కడే జరగాలని సంకల్పించిన ఆ చోట, ఉన్నిని కడిగి, ఏకి, ఏకులు చుట్టే చిన్న యంత్రం ఒక్కటి పెడితే నాలుగు జిల్లాల కాపరులకు సరిపోతుంది. మా ఊళ్లో విల్లు కొట్టగలిగిన మనిషి ఇప్పుడు ఒక్కడే ఉన్నాడు, అతనికి ఉబ్బసం. ఉన్నిధూళి అతని ఊపిరికి ఏం చేసిందో అతని దగ్గు వింటే తెలుస్తుంది. వడకడం, నేయడం చేత్తో చేయాలని నేను కోరుకుంటాను గానీ, ఏకడం యంత్రానికి వదిలేయాలి. జోధ్‌పూర్‌లోని కేంద్ర ఉన్ని అభివృద్ధి మండలి ద్వారా కేంద్ర జౌళి శాఖ నడిపే ఉన్ని అభివృద్ధి కార్యక్రమం ఇలాంటి వాటి కోసమే ఉన్నది. దాన్ని అడగాల్సింది రాష్ట్రమే.

పొట్టేలు దగ్గరికి తిరిగి వస్తాను. మీరు ఏం చేయవచ్చో నాకు తోచినట్టు రాస్తున్నాను, మీకు ఇంతకన్నా మంచి దారి తోస్తే అదే చేయండి. మొదట వెదకాలి. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, మెదక్ జిల్లాల్లో కలుపు లేని, అంటే వేరే జాతి రక్తం కలవని, నల్లమందలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. ఎక్కువగా అవి దూరపు మేతకు పోయే ముసలి కాపరుల దగ్గర ఉంటాయి, వారు కార్యాలయాలకు రారు. పశువైద్య సహాయకులు టీకాలు వేయడానికి వెళ్లినప్పుడు గొర్రె వీపు మీద ఒకసారి పాయ తీసి చూసి రాసుకుంటే చాలు, ఏ ఊళ్లో ఏముందో తెలుస్తుంది. ఆ మందల నుంచి మంచి పొట్టేలు పిల్లల్ని మాంసం ధర కన్నా ఎక్కువ ఇచ్చి కొనాలి. లేకపోతే మూడు నాలుగు నెలలకే అవి మాంసానికి పోతాయి. మేలైన పొట్టేలు పిల్లే అందరికన్నా ముందు బరువెక్కి, అందరికన్నా ముందు కసాయి బండెక్కుతుంది. మా జాతి ఇలా అడుగంటడానికి ఇది కూడా కారణం.

అలా సేకరించిన వాటిని పెంచడానికి చోటు కావాలి. మామునూరులో పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి కళాశాల ఉన్నది. అక్కడి ఆచార్యులు, విద్యార్థులు చేయగల పని ఇది. ఉన్ని పోగు మందం, పొడవు కొలిచి, తల్లి పేరు తండ్రి పేరు రాసి, చెవికి గుర్తు బిళ్ల వేసి, ఏడాదిన్నర వయసు వచ్చాక కాపరులకు ఇవ్వాలి. ఊరికే ఇవ్వనక్కరలేదు, ధర పెట్టండి, కడతాము. రెండేళ్లకొకసారి ఆ పొట్టేలును పక్క ఊరి మందకు మార్చే ఏర్పాటును గొర్రెల పెంపకందారుల సహకార సంఘాలకు అప్పగించండి. పొట్టేలు తన కూతుళ్లనే దాటితే వచ్చే పిల్లలు బలహీనమవుతాయని ప్రతి కాపరికీ తెలుసు, కానీ మార్చుకోవడానికి రెండో నల్ల పొట్టేలు పక్క ఊళ్లోనూ లేకపోతే ఏం చేస్తాడు? గేదెలకు ఊరూరా అందే కృత్రిమ గర్భధారణ గొర్రెలకు మా దాకా ఇంకా రాలేదు. కనుక మాకు పొట్టేలు ఒక్కటే దారి. కలుపు పడ్డ మందలు కూడా దీనితో కోలుకుంటాయి. కలుపు గొర్రెల మీద వరుసగా మూడు తరాలు మంచి నల్ల పొట్టేళ్లను వదిలితే పోయిన రక్తంలో ఎక్కువ భాగం తిరిగి వస్తుంది. నేను నా మందలో రెండో తరంలో ఉన్నాను, అరచేయంత మిగిలిన ఉన్ని మళ్లీ పక్కల దాకా దిగింది.

జాతీయ పశుసంపద మిషన్ కింద గొర్రెల ఫారాలకు సగం సబ్సిడీ ఉన్నదని మాకు చెబుతుంటారు. అందులో అన్నింటికన్నా చిన్న యూనిట్ వంద గొర్రెలు, అయిదు పొట్టేళ్లు. సబ్సిడీ పది లక్షల దాకా, అంటే మిగిలిన పది లక్షలు మేము పెట్టాలి లేదా బ్యాంకు ఇవ్వాలి. ఉన్ని గొర్రెలకు అప్పు కావాలని నేను ఒక బ్యాంకుకు వెళ్తే, మాంసం రాబడి మాత్రమే రాసుకుని, ఉన్ని, ఎరువు గడులను ఖాళీగా వదిలి, ఈ లెక్కతో అప్పు కుదరదని కాగితం వెనక్కి ఇచ్చారు. మూడు రాబళ్ల జీవిని ఒక్క రాబడితో తూచితే అది ఎప్పుడూ తేలికే తూగుతుంది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు స్థాయిలోనే ఉన్ని జాతికి వేరే యూనిట్ ఉండాలి. పంపిణీ మళ్లీ ఎప్పుడు జరిగినా దరఖాస్తులో జాతి ఎంచుకునే గడి ఉండాలి. మాంసం జాతి కావలసినవారు అదే తీసుకుంటారు, మాలాంటి వారు కొందరు ఇది తీసుకుంటారు.

మాంసమే లాభం కదా అనే మాట నేను చాలాసార్లు విన్నాను. అవును, నా ఇల్లు కూడా ఎక్కువ భాగం మాంసంతోనే నడుస్తుంది. కానీ జీవానికి పెట్టే ఖర్చు కూడా లెక్క వేయండి. మృగశిర కార్తె వచ్చి, నల్లరేగడి తడిసి, జీవాలు రాత్రంతా బురదలో నిలబడే ఆ నెలన్నరలో ఏ మందలో ఏ జీవం పడిపోతుందో మాకు తెలుసు. నేను తెచ్చిన ఆ ఎర్ర పొట్టేలు రెండో వానాకాలంలో గిట్టలు కుళ్లి, దగ్గు పట్టి చనిపోయింది. దాని మందులకు పెట్టిన డబ్బుతో రెండు పిల్లలు వచ్చేవి. దాని పక్కనే అదే బురదలో నిలబడిన నల్ల గొర్రెలు ఒళ్లు విదిలించుకుని తెల్లారి మేతకు నడిచాయి. నీలినాలుక వంటి రోగాలకు ఏ జాతీ అతీతం కాదు, టీకాలు అన్నింటికీ కావాలి. కానీ ఈ నేలలో, ఈ వానలో, రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు నడిచి మోడుచేల మీద బతికే పని దక్కనీ గొర్రె తరతరాలుగా చేస్తున్నది. మేతబీళ్లు ఎట్లా తగ్గిపోతున్నాయో, పురుగుమందు కొట్టిన పత్తిచేల పక్కన మేపడం ఎంత భయమో వేరే లేఖ అవుతుంది, ఇక్కడ రాయను.

ఒక విషయం లాభనష్టాలకు సంబంధించనిది. మా కురుమల్లో ఉన్ని కంకణం, పత్తి కంకణం అని రెండు శాఖలున్నాయి. పెళ్లిలో చేతికి కట్టేది ఉన్ని దారమా, నూలు దారమా అన్నదాన్ని బట్టి వచ్చిన పేర్లివి. మేము ఉన్ని కంకణం వాళ్లం. మా అన్న కొడుకు పెళ్లికి కంకణం దారం కోసం పెళ్లివారి ఊళ్లో వెదికితే దొరకలేదు. మూడు వందల గొర్రెలున్న ఊరు అది, ఒక్కదాని మీదా ఉన్ని లేదు. పెళ్లి ఉదయం నేను బండి మీద ఇంటికి తిరిగి వెళ్లి, దొడ్లో ఒక గొర్రె పక్క నుంచి గుప్పెడు కత్తిరించుకుని వచ్చాను. మా చిన్నమ్మ పందిట్లో కూర్చుని, కడగకుండానే, తొడ మీద వేసి అరచేత్తో పేని దారం చేసింది. దానికి ఇంకా జిడ్డు ఉంది, గొర్రె వాసన ఉంది. అదే కట్టారు.

నా మందలో ఇప్పుడు దాటడానికి మిగిలిన నల్ల పొట్టేలు ఒక్కటే. దాని వయసు ఆరేళ్లు, పళ్లు అరుగుతున్నాయి. మందలో ఎదుగుతున్న ఆడపిల్లల్లో పద్నాలుగు దాని బిడ్డలే, వచ్చే వానాకాలానికి అవి ఎదకు వస్తాయి. వాటి మీద దీన్ని వదలలేను. చుట్టూ పదకొండు ఊళ్లు తిరిగాను, నమ్మకమైన పొట్టేలు దొరకలేదు. దసరా తర్వాత మా దగ్గర కోత ఉంటుంది. మీలో ఎవరైనా ఆ రోజు రండి. చెరువు కట్ట మీద చెట్ల కింద నాలుగు మందలు ఒక్కచోట ఉంటాయి, మీరే వీపు మీద పాయ తీసి చూడవచ్చు, ఏది ఉన్నియో ఏది వెంట్రుకో చిన్నమ్మ చూపిస్తుంది. వస్తూ ఒక పొట్టేలు ఎక్కడ దొరుకుతుందో కబురు తెస్తే, దాని ధర నేను ఆ రోజే కట్టి తోలుకొస్తాను.

ఇట్లు,
జనగామ జిల్లాకు చెందిన ఒక గొర్రెల పెంపకందారు